సముద్రం లేని ఊరికి ఉప్పునీటి తొట్టి

2017లో విశాఖపట్నంలో ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టినప్పుడు, దాన్ని ఏదో ఒకనాడు ఇంకో ఊరికి తరలించవలసి వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజు తొట్టి అది. దాని కింద బల్లలో వడపోత కోసం పెట్టిన చిన్న తొట్టిని మేము సంపు అని పిలిచేవాళ్లం. రెండూ కలిపితే 300 లీటర్ల పైచిలుకు నీరు పట్టేది. అందులో ఒక క్లౌన్ చేపల జంట, మూడు ఆకుపచ్చ క్రోమిస్ చేపలు, నాచు మేసే బ్లెన్నీ ఒకటి, ఎర్రటి వీపు మీద తెల్లని చార ఉండే క్లీనర్ రొయ్య ఒకటి, పన్నెండు నత్తలు ఉండేవి. 2023 నవంబరులో నాకు హైదరాబాదుకు బదిలీ అయింది. ఇల్లు మారడం కంటే, దాదాపు 620 కిలోమీటర్ల దూరానికి ఆ తొట్టిని ఎలా చేర్చాలన్నదే నాకు పెద్ద చింత అయింది.

ఎవరికైనా ఇచ్చేసి అక్కడ కొత్తది పెట్టుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ఆ సలహాలో తప్పు లేదు. కానీ క్లౌన్ చేపలు తొట్లలో పదిహేనేళ్లకు పైగా బతకగలవు. మా జంటకు అప్పటికి ఆరేళ్లే. ఈ జాతిలో పిల్లలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. మా రెండు చేపల్లో ఏది ఆడదవుతుందో తెలియని రోజుల నుంచి, ఒక టైల్ ముక్క మీద అవి నారింజ రంగు గుడ్లు పెట్టడం దాకా అన్నీ మా పిల్లలు దగ్గరుండి చూశారు. అందుచేత ఇచ్చేయడం అన్న మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

మా తొట్టిలో పగడాలు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నింటినీ 2001లో చేర్చారు. బతికినవే కాదు, చచ్చిన పగడపు ముక్కలను దగ్గర ఉంచుకోవడం కూడా ఆ చట్టం ఒప్పదు. అందువల్ల సముద్రం నుంచి తీసిన రాళ్లు కాకుండా, సన్నని రంధ్రాలున్న సిరామిక్ రాళ్లను మొదటి నుంచీ వాడాను. తెల్లగా బోసిగా వచ్చిన ఆ రాళ్లు ఆరేళ్లలో ఊదారంగు నాచు పట్టి, సందుసందునా స్పంజికలు, చిన్న గొట్టపు పురుగులు చేరి, కొన్నది నేనేనా అన్నంతగా మారిపోయాయి.

తరలింపు అనగానే అందరూ ముందు చేపల గురించే అడుగుతారు. నా అనుభవంలో చేపల కంటే ముందు ఆలోచించవలసింది ఈ రాళ్ల గురించి. చేపలు విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గానూ, మరొక రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది బహు తక్కువ. అది గట్టి ఉపరితలాలను అంటిపెట్టుకొని, ముఖ్యంగా రాళ్ల రంధ్రాలలో కాపురం ఉంటుంది. కొత్త తొట్టిలో ఈ సంసారం కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. కాబట్టి గాజు తొట్టి మారినా, నీళ్లన్నీ మారినా, ఇసుక మారినా ఫరవాలేదు. రాళ్లు తడి ఆరకుండా, ఊపిరాడకుండా పోకుండా అవతలి ఒడ్డుకు చేరితే ఆ అక్వేరియం చేరినట్టే. ఈ నిర్ణయానికి వచ్చాక మిగతా పనులన్నీ వాటంతట అవే తేలికపడ్డాయి. పాత గాజు తొట్టిని విశాఖలోనే పక్కింటివారికి ఇచ్చేసి, అవే కొలతలతో కొత్త తొట్టిని హైదరాబాదులో చేయించాను. సామాన్ల లారీ రెండు మూడు రోజులు ఆలస్యమైనా చేపలు దాని కోసం ఎదురుచూడవలసిన అవసరం లేకుండా పోయింది.

అసలు కష్టం నీళ్ల దగ్గర వచ్చింది. విశాఖలో నేను సముద్రపు నీటినే వాడేవాణ్ణి. హార్బరుకు దూరంగా, భీమిలి వైపు, అలల మురికి తగలని చోట నుంచి ఒక పడవ యజమాని క్యాన్లతో తెచ్చి ఇచ్చేవాడు. వాటిని రెండు వారాలు చీకటి గదిలో ఉంచి, పైనున్న తేటను వడగట్టుకునేవాణ్ణి. సముద్రం అంటే ఎప్పుడూ ఒకే ఉప్పదనం అనుకునేవారు నా నోటుపుస్తకం చూస్తే ఆశ్చర్యపోతారు. మే నెలలో వెయ్యికి 34 పాళ్లున్న ఉప్పు అక్టోబరు, నవంబరు నెలల్లో 27, 26కు పడిపోయేది. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసిన మంచినీరు ఆ నెలల్లో తీరం వెంబడి దక్షిణంగా దిగుతూ మన ఒడ్డు మీదుగా పోతుంది. కార్తీకమాసంలో తెచ్చిన నీళ్లలో ప్రతి ఏడూ కొంత ఉప్పు కలిపి సరిచేసుకోవలసి వచ్చేది. ఇంత వెసులుబాటు ఉన్న ఊరి నుంచి, ప్రతి చుక్కనూ నేనే తయారుచేసుకోవలసిన ఊరికి వెళ్తున్నానన్నమాట.

హైదరాబాదులో మేము అద్దెకు తీసుకున్న అపార్టుమెంటుకు బోరు నీళ్లు, అవి చాలనప్పుడు ట్యాంకరు నీళ్లు వస్తాయి. మొదటి రోజే నీటిలో కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరు ముంచి చూస్తే 640 చూపించింది. తాగే నీటికి ఇంట్లో బిగించే ప్యూరిఫయరు నుంచి వచ్చిన నీళ్లలోనూ 50 దాకా ఉంది. నాచును పెంచే ఫాస్ఫేట్లు, రొయ్యలకూ నత్తలకూ విషమైన రాగి వంటివి ఆ మిగిలిన దానిలో ఉండవచ్చు కనుక, సన్నని పొర గుండా నీటిని వడగట్టే ఆర్.ఓ. తరువాత, మిగిలిన లవణాల అయాన్లను పట్టి ఉంచే రెజిన్ గొట్టం కూడా ఉన్న వడపోత సాధనం కొని, మీటరు సున్నా చూపించే దాకా ఆగాను. ఆ నీటిలో కలిపింది వంటింటి ఉప్పు కాదు. సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు సముద్రంలో ఉండే పాళ్లలో కలిపి అమ్మే అక్వేరియం ఉప్పు. 300 లీటర్లకు దాదాపు 11 కిలోలు పట్టింది. ఉప్పు మీద నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి. లేకపోతే కాల్షియం సున్నంలా గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది. పెద్ద డ్రమ్ములో పంపు పెట్టి ఒక రోజంతా తిప్పాక, ఆ ఊళ్లోనే కొన్న, ఉప్పదనం కొలిచే కొత్త రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క వేసి చూస్తే 34 చూపించింది. పాత తొట్టిలో నా పాత ముల్లు హైడ్రోమీటరు కూడా అంతే చూపిస్తోంది. రెండూ ఒకటే కదా అని తృప్తిపడ్డాను. ఆ తృప్తి ఎంత ఖరీదైనదో తరువాత తెలిసింది.

కొత్త తొట్టిని నిలబెట్టే చోట నేల మట్టం చూడటానికి మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకున్నాను. నాలుగడుగుల పొడవులో మూడు మిల్లీమీటర్ల వాలు కనిపిస్తే స్టాండు కాళ్ల కింద సర్ది, పైన థర్మాకోల్ పలక పరిచి, వట్టి మంచినీళ్లతో నింపి నాలుగు రోజులు ఉంచి అతుకులు కారడం లేదని నిర్ధారించుకున్నాను. ఈ పనులన్నీ డిసెంబరులోనే ముగించాను.

ప్రయాణానికి 2024 జనవరి 7, ఆదివారం ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఎండాకాలంలో మూసిన కారులో నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చలికాలంలో ఆ భయం ఉండదు. రెండోది సంక్రాంతి. పండుగ ముందు విజయవాడ రహదారి నిండా హైదరాబాదు నుంచి ఇటు వచ్చే బండ్లే ఉంటాయి, పండుగ తరువాత అవన్నీ అటు తిరుగుతాయి. ఆ తిరుగు రద్దీలో చేపలతో టోల్‌గేటు దగ్గర గంటలు గడపడం నాకు ఇష్టం లేదు.

శుక్రవారం నుంచి చేపలకు మేత మానేశాను. కడుపు ఖాళీగా ఉన్న చేప సంచిలో నీటిని పాడుచేయదు. శనివారం రాత్రి రాళ్లు తీయడం మొదలుపెట్టాం. మూతలు గట్టిగా పట్టే ఐదు కొత్త బకెట్లలో పాత తొట్టి నీళ్లే పోసి, ప్రతి రాయినీ గాలి తగలనీయకుండా నీటి లోపలే ఒకదాని నుంచి ఒకదానికి మార్చాం. స్పంజికలు ఒక్కసారి గాలి పీల్చుకుంటే లోపలి నీటి దారులు మూసుకుపోయి కుళ్లిపోతాయి. అవి కుళ్లితే ఆ అమ్మోనియా భారం మళ్లీ చేపల మీదే పడుతుంది. మా పెద్దబ్బాయి ఒక్కొక్క రాయినీ రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తినట్టు పట్టుకొని అందించాడు.

ఇసుక విషయంలో మాత్రం నాకు మమకారం అడ్డు వచ్చింది. ఆరేళ్ల ఇసుక, అందులోనూ బాక్టీరియా ఉంటుంది, కొంతైనా తీసుకెళ్దామనిపించింది. కానీ నీళ్లు తగ్గించి ఇసుకలోకి గరిట దించగానే, నాలుగు వేళ్ల లోతున బొగ్గులాంటి నల్లని పొర, దానితో పాటు కుళ్లిన కోడిగుడ్డు వాసన పైకి వచ్చాయి. గాలి చొరని అడుగు పొరల్లో తయారయ్యే హైడ్రోజన్ సల్ఫైడు అది. కదిలించని తొట్టిలో దాని వల్ల ఏ ఇబ్బందీ లేదు. కదిలించి కొత్త నీటిలో పోస్తే ఒక్క రాత్రిలో అన్నింటినీ చంపగలదు. పై పొరలోని తెల్ల ఇసుక ఒక డబ్బాడు మాత్రం తీసి, పాత నీటితోనే నాలుగైదు సార్లు తేట పడేదాకా కడిగి ఉంచుకున్నాను. మిగతాదంతా వదిలేశాను. ఉప్పునీటి తొట్టి తరలించేవారెవరైనా అడిగితే, మిగతా విషయాల్లో వారి వీలును బట్టి చేసుకోమంటాను గాని ఇసుక విషయంలో మాత్రం గట్టిగా వద్దంటాను.

చేపల సంచులు కట్టడానికి నాకు దొరికిన సహాయం విశాఖ తీరం ఇచ్చిందే. భీమిలి తీరంలో వనామీ రొయ్య పిల్లల హేచరీలున్నాయి. అక్కడి నుంచి సీడును ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ నింపి రాత్రికి రాత్రి చెరువులకు పంపుతారు. ఆ ప్యాకింగు పనిలో చాలా ఏళ్లుగా ఉన్న ఒక పెద్దాయన మా పడవ యజమానికి చుట్టం. ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు చిన్న సిలిండరుతో ఇంటికి వచ్చి, తొట్టి వైపు ఒకసారి చూసి, "మేతెట్టి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగారు. రెండు రోజులైందని చెప్పాక గాని సంచి విప్పలేదు. "బాబాయ్, నీళ్లు ఇంకొంచెం పోయరా?" అని నేనంటే, "నీళ్లు ఎక్కువైతే గాలి తక్కువవుద్ది బాబూ, చేపకి కావలసింది గాలి" అన్నారు. మూడింట ఒక వంతు నీళ్లు, రెండు వంతులు ఆక్సిజన్. సంచి మూతిని మెలిపెట్టి, ఆ మెలికను వెనక్కి మడిచి, రబ్బరు బ్యాండ్లను వేళ్లతో ఎంత వేగంగా చుట్టారంటే ఏ వేలు ఏ పక్కకు కదిలిందో నాకు కనబడలేదు. ఒకవేళ పగిలినా కారకుండా సంచికి సంచి తొడిగారు. చేపకొక సంచి చొప్పున ఆరు, రొయ్యకు ఒకటి, నత్తలకు ఒకటి. ఎనిమిది సంచులూ రెండు థర్మాకోల్ పెట్టెల్లో చీకటిగా సర్దాక, పెట్టె మీద చెయ్యి వేసి, దారిలో మూత తీయవద్దని రెండుసార్లు చెప్పారు. డబ్బులు ఇవ్వబోతే సిలిండరు బాడుగ మాత్రమే తీసుకున్నారు.

నాలుగున్నరకు బయలుదేరాం. వెనుక సీట్లు మడిచిన చోట ఐదు బకెట్లు, వాటి మూతలకు చేసిన రంధ్రాల గుండా బ్యాటరీ గాలిపంపుల గొట్టాలు. ముందు సీటు కింద థర్మాకోల్ పెట్టెలు. మా ఆవిడ, పిల్లలు రైలులో వస్తున్నారు. నాకు తోడు నా తమ్ముడు వచ్చాడు. అన్నవరం దాటేసరికి తెల్లవారింది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటుతున్నప్పుడు ఒక్కసారి అద్దం దించితే చలిగాలి కొట్టింది, వెంటనే ఎక్కించేశాం. కారులో 26 డిగ్రీలు తగ్గకుండా చూడటమే ఆ రోజంతా మా తమ్ముడి పని. నేను బండి నడుపుతూ ఐదు పంపుల గుర్రు విన్నాను. అవి కలిసి చేసే చప్పుడుకు ఎంత అలవాటుపడ్డానంటే, నందిగామ దాటాక అందులో ఒక గొంతు తగ్గినట్టు వెంటనే తెలిసింది. బండి పక్కకు ఆపి చూస్తే మూడో బకెట్టు పంపు ఆగిపోయి ఉంది. మార్చిన బ్యాటరీలతోనూ అది కదలలేదు. అదనపు పంపు తేకపోవడం నా పొరపాటు. తమ్ముడు వెనక కూర్చొని, పది నిమిషాలకొకసారి మూత తీసి, చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ వచ్చాడు. పక్క బకెట్టు గొట్టాన్ని మధ్యమధ్య ఇందులోకి మార్చాం. సూర్యాపేటలో ఆగినప్పుడు అతని చొక్కా చేతులు మోచేతుల దాకా ఉప్పు కట్టి ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాం. కొత్త తొట్టిలో నీళ్లు 26 డిగ్రీల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. జనవరి రాత్రుల్లో హైదరాబాదు చలి విశాఖ చలి కాదు కనుక, ఒకటి ఆగినా ఇంకొకటి కాపాడేలా రెండు హీటర్లు పెట్టాను. ముందు రాళ్లు దించాం. మూడో బకెట్టు నీళ్లు వాసన చూస్తే తేడా ఏమీ లేదు. ఆ ఊపిరి పీల్చుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక చేపలు. దుకాణం నుంచి తెచ్చిన చేపను గంటసేపు చుక్కచుక్కగా కొత్త నీటికి అలవాటు చేయమని అందరూ చెబుతారు. పన్నెండు, పదిహేను గంటలు సంచిలో ఉన్న చేపకు అది కీడు చేస్తుంది. మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల పి.హెచ్. పడిపోతుంది, అంటే నీటిలో ఆమ్లగుణం పెరుగుతుంది. ఆ పడిపోవడం వల్లనే పేరుకున్న అమ్మోనియా చాలావరకు హానిలేని అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది. సంచి విప్పగానే వాయువు పోయి పి.హెచ్. మళ్లీ పెరుగుతుంది, అది ఒక అంకె పెరిగితే విషరూపం దాదాపు పది రెట్లవుతుంది. అందుకే మూసిన సంచులను అరగంట తొట్టిలో తేలేసి వేడి సమం చేసి, విప్పిన వెంటనే చేపను వలతో పట్టి వదిలి, సంచి నీళ్లు పారబోశాను. మొదట ఆడ క్లౌన్ చేపను వదిలాం. అది నేరుగా పోయి, తన పాత టైల్ ముక్క ఏ మూలన ఉందో వెతికి, దాని పక్కన ఒరిగి నిలబడింది. మిగతా చేపలూ గంటలోపే సర్దుకున్నాయి. బ్లెన్నీ మాత్రం రెండు రోజులు రాతి సందులోంచి తల ఒక్కటే బయట పెట్టింది.

రొయ్యను కూడా అదే తొందరలో అలాగే వదిలాను. ఇది నేను చేసిన అసలు తప్పు. వదిలిన క్షణంలోనే అది కాళ్లు ముడుచుకొని పక్కకు పడి, కాసేపటికి లేచి రాయి కిందికి పోయింది. మంగళవారం ఉదయం పొర సగం విడిచి, మిగతా సగం విడవలేక చచ్చిపోయి ఉంది. నాలుగేళ్లుగా నా వేళ్ల మీదికి ఎక్కి గోళ్ల చివరలు శుభ్రం చేసిన ప్రాణి అది. కారణం తెలుసుకోకుండా ఉండలేక, కచ్చితంగా వెయ్యికి 35 పాళ్లుండే ప్రమాణ ద్రావణం తెప్పించి రిఫ్రాక్టోమీటరులో వేశాను. అది 32 చూపించింది. అంటే నేను 34 అనుకున్న కొత్త నీరు నిజానికి 37. బకెట్టులో మిగిలిన పాత నీటిని అదే లెక్కతో చూస్తే 33 వచ్చింది. నాలుగు పాళ్ల తేడాను చేపలు తట్టుకున్నాయి గాని, రొయ్యకు అది మోయలేని భారమైంది. మంచినీటి చుక్కతో సున్నాకు సరిచేస్తే చాలదు, ఉప్పు కొలిచే సాధనాన్ని ఉప్పు ద్రావణంతోనే సరిచూడాలి. రెండు ఊళ్లలో రెండు సాధనాలు వాడేటప్పుడు ఒకే నీటిని రెండింటిలోనూ కొలిచి చూడాలి. రొయ్యనూ నత్తలనూ చేపలతో కలిపి లెక్కవేయకుండా, విడిగా, పాత నీళ్ల గిన్నెలో కొత్త నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ రెండు మూడు గంటలు తీసుకొని వదలవలసింది. పాత నీళ్లు నా దగ్గర బకెట్ల నిండా ఉండగానే ఆ పని చేయలేదు.

తరువాతి పది రోజులు రోజూ ఉదయం, రాత్రి అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు చేశాను. రెండో రోజు అమ్మోనియా 0.25 పి.పి.ఎం., అంటే పది లక్షలకు పావు పాలు, కనిపించింది. మేత చిటికెడుకు తగ్గించి, నలభై లీటర్ల నీరు మార్చాను. ఐదో రోజుకు సున్నా అయింది, తిరిగి రాలేదు. నైట్రైట్ అసలు కనబడలేదు. ఉప్పదనాన్ని ఒక్కసారిగా దించకుండా, వారానికి ఒక పాలు చొప్పున మంచినీరు కలుపుతూ 35కు తెచ్చాను. జనవరి ఆఖరున గాజు మీద గోధుమరంగు నాచు ఒక పొరలా పట్టింది; కొత్త ఇసుక, కొత్త గాజు ఉన్న తొట్టికి అది మామూలే. నత్తలు, బ్లెన్నీ కలిసి మూడు వారాల్లో తినేశాయి.

శివరాత్రి దాటిన వారంలో ఆడ క్లౌన్ చేప టైల్ ముక్కను నోటితో తుడవడం మా చిన్నమ్మాయి చూసింది. ఆ సాయంత్రానికి వరుసలుగా గుడ్లు పెట్టింది. మగ చేప రెక్కలతో విసురుతూ కాపలా కాసింది. ఎనిమిదో రాత్రి దీపాలు ఆర్పాక ఆ గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. నోటుపుస్తకంలో ‘ఎక్కడి నీళ్లు’ అని ఒక గడి ఉండేది, అందులో ఏళ్ల తరబడి భీమిలి అని రాస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ గడిలో కలిపిన ఉప్పు ఎన్ని గ్రాములో రాస్తున్నాను. దాని పక్కన కొత్తగా ఇంకో గడి గీసి, ప్రమాణ ద్రావణంతో సాధనం సరిచూసిన తేదీ వేస్తున్నాను. వరుసగా ఆరు నెలలు ఆ గడిలో తేడా రాకపోతే అప్పుడు ఇంకొక క్లీనర్ రొయ్యను తెస్తానని పిల్లలకు చెప్పాను.